మా బొమ్మలు ఒడ్డెక్కిన వైనం

మల్కాపురంలో మేం అద్దెకున్న ఇంటికి రెండు గదులు, ఒక వంటిల్లు. అది ఇంటాయన లెక్క. అసలు లెక్క వేరు. వంటిల్లు మా ఆవిడది, వెనకగది మా నలుగురిదీ, ముందుగది పూర్తిగా బొమ్మలది. అద్దె మాత్రం నేనొక్కణ్ణే కట్టేవాణ్ణి.

తొంభైల నడిమి మాట. మా అమ్మాయి మూడో తరగతి. మా చిన్నాడికి ఇంకా బడి వయసు రాలేదు. ఇంట్లో ఉండి బొమ్మలు విసరడమే వాడి ఉద్యోగం. ఆ ఉద్యోగంలో వాడికి సెలవులుండేవి కావు. వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వంటింట్లోకి చేరడమంటే, ఇరుకు కాలవలోంచి పెద్ద ఓడని రేవులోకి తీసుకురావడమే. ఓడకైతే ముందు లాక్కెళ్ళే టగ్గు పడవ ఉంటుంది, దారి చెప్పడానికి పైలట్ ఎక్కుతాడు. నాకు ఆ సదుపాయం లేదు. కాలి కింద గోళీ, గోళీ తప్పితే లక్కపిడత, పిడత తప్పితే చక్రం ఊడిన పోలీసు జీపు. చాబీ తిప్పితే డప్పు కొట్టే రేకు కోతి ఒకటుండేది. దాని మీద పొరపాటున కాలు పడితే చాబీ లేకుండానే మోగేది. ఆ మోతకి రిఫైనరీ సైరన్ అనుకుని పక్క వీధివాళ్ళు క్యారేజీలు పట్టుకుని షిఫ్టుకి బయల్దేరేవాళ్ళు.

ఇక దుమ్ము. మా వైపు ఇళ్ళకి కిటికీ మూసినా ఒకటే, తెరిచినా ఒకటే. గాలి ఒక పక్కనుంచి తిరిగితే పోర్టు గుట్టల మీది బొగ్గు పొడి నల్లగా, ఇంకో పక్కనుంచి తిరిగితే ఇనపరాయి పొడి ఎర్రగా వచ్చి వాలేది. తెల్లగా కొన్న ఎలుగుబంటి బొమ్మ దీపావళి దాటేసరికి అచ్చం అడవిలో ఉండే ఎలుగుబంటి అయిపోయింది. మా ఆవిడ వారానికోసారి బొమ్మలన్నిటికీ తలంటు పోసి, చెవులకి క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేసేది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు.

ఇలా ఉండగా మా ఆవిడ కుట్టుమిషను కొంటానంది. కుట్టుపని నేర్చుకుని ఊరుకునే రకం కాదు ఆవిడ. వీధిలో సగం మంది జాకెట్లు అప్పటికే నోటిమాటగా ఒప్పేసుకుంది. మిషను వచ్చే రోజు ఖాయమైంది. ఆ సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చి, జీపుని తప్పించి, కోతిని దాటి, మంచం మీద కూలబడేసరికి మాట తేల్చేసింది.

"ఇదుగోండి, మిషను కిటికీ కాడ ఎట్టాలి. ఎలుతురక్కడే ఉంది. అక్కడున్న బొమ్మలకి మీరో సోటు సూపించండి. లేదంటే వచ్చే ఆదివారం మా తమ్ముడొత్తన్నాడు, ఓ గోనెడు ఏరి పట్టుకెల్లిపోతాడు. ఆడి పిల్లలు ఆడుకుంటారు."

"బొమ్మలన్నీనా?"

"అన్నీ ఎందుకండి. కాలికి తగిలినవి."

కాలికి తగలని బొమ్మ మా ఇంట్లో లేదు.

ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, ఆనందపురం దగ్గర పల్లెలో కూరగాయలు పండించి జంక్షన్‌లో అమ్మేవాడు. మా ఇంటికి ఎప్పుడొచ్చినా గోనెసంచి నిండా ఆనపకాయలు, వంకాయలు తెచ్చేవాడు. ఉట్టి సంచితో తిరిగెళ్ళడం అతనికి నామోషీ. కాబట్టి ఈ ముప్పు మాటవరసకి చెప్పింది కాదు.

ఈ సంభాషణ జరుగుతున్నప్పుడు మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఏడవలేదు, అడగలేదు. మర్నాడు బడికి వెళ్ళేటప్పుడు దాని పుస్తకాల సంచిలోంచి ఒక ప్లాస్టిక్ చెయ్యి బయటికి కనిపించింది. పడుకోబెడితే ఒక కన్ను మాత్రమే మూసే ఆడపిల్ల బొమ్మ అది.

"బడికి బొమ్మెందుకే?" అన్నాను.

"మావ ముందే వచ్చేత్తే?"

ఆ మాటతో నాలో ఉద్యోగి మేల్కొన్నాడు.

నేను చేసే పని మీకు చెప్పలేదు కదా. పోర్టులో, ఓడ కడుపులో సరుకు సర్దించే గ్యాంగుకి మేస్త్రీని. బస్తా పక్కన బస్తా, పెట్టె మీద పెట్టె, మధ్యలో ఖాళీ కనిపిస్తే చెక్కముక్కో చాపో దూర్చి, సముద్రం ఎంత ఊపినా లోపల సరుకు కదలకుండా చూడటం నా పని. నేను సర్దించిన సరుకు కదిలిందని ఏ దేశం నుంచీ ఎప్పుడూ కబురు రాలేదు. సింగపూర్‌లో నన్ను తలుచుకుని టీ తాగుతారని మా గ్యాంగులో ఒక వదంతి ఉండేది. పుట్టించింది నేనే అయినా, నమ్మినవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. అలాంటివాడికి కోతీ, జీపూ, నాలుగు పిడతలూ ఒక లెక్కా?

"నువ్వేటీ బెంగెట్టుకోకు. నాను సూసుకుంటాను," అన్నాను.

గాజువాక నుంచి పెద్ద చెక్కపెట్టె ఒకటి రిక్షా మీద తెచ్చాను. ఏదో యంత్రం ఆ పెట్టెలో కూర్చుని సముద్రాలు దాటి వచ్చింది. దేవదారు చెక్క, మూలలకి ఇనప పట్టీలు, మూతకి కొండీ. మా వీధి మలుపు తిరగడానికి ఆ రిక్షా వెనక్కీ ముందుకీ పోతుంటే అటూ ఇటూ బండ్లు ఆగిపోయాయి. ఆగినవాళ్ళందరికీ లోపల ఏం పెట్టబోతున్నానో విడివిడిగా చెప్పాను.

సర్దడం మొదలుపెట్టాను. బరువైనవి అడుగున, తేలికవి పైన. అది ఓడ ధర్మం. రేకు కోతి, చెక్క ఏనుగు, ఇనప చక్రాల బండి అడుగు వరస. వాటి సందుల్లో లక్కపిడతలు. పిడతల్లో గోళీలు. గోళీలు దొర్లకుండా పైన గుడ్డపీలికలు. రెండో వరసలో జీపు, పట్టాలు విడదీసిన రైలు, చదరంగం పలక. ఆ పైన బంతులు, బంతుల మధ్య మెత్తగా ఎలుగుబంటి. సూది దూరే సందు కూడా మిగల్లేదు. ముందుగది నేల రంగు ఏమిటో ఆ రోజే మాకందరికీ తెలిసింది.

రిఫైనరీలో పనిచేసే పక్కింటాయన్ని పిలిచి, ఆయనొక పక్క, నేనొక పక్క పట్టుకుని పెట్టెని ఊపాం. మామూలు అలలు, తర్వాత తుఫాను. లోపల్నుంచి చిటికెడు చప్పుడు రాలేదు.

పక్కింటాయన నడుం పట్టుకుని కూర్చున్నాడు. "బావా, నిజం సెప్పు. బొమ్మలెట్టావా, సిమెంటు పోసీసావా?"

ఇంతకంటే మెప్పు నాకు జీవితంలో దొరకలేదు. ఆ మర్నాడే మిషను వచ్చింది, కిటికీ దగ్గర కూర్చుంది. మా ఆవిడ తొక్కి చూసి, నా వైపు చూసి, "పోనీలెండి, మీ పని ఇంటిక్కూడా పనికొచ్చింది," అంది. మా అమ్మాయి కూడా పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. కాని బడిసంచిలోంచి బొమ్మని తియ్యలేదు. అది గమనించాను గాని, పట్టించుకోలేదు.

తర్వాతి ఉదయం మా చిన్నాడు నిద్రలేస్తూనే ఒక్కటే మాట అన్నాడు. "కోతి."

కోతి అడుగు వరసలో ఉంది. కోతి రావాలంటే బంతులు దిగాలి, ఎలుగుబంటి దిగాలి, రైలు దిగాలి, జీపు దిగాలి. అన్నీ దించాడు. నిజం చెప్పొద్దూ, మా గ్యాంగు కూడా అంత తొందరగా ఓడ ఖాళీ చెయ్యలేదు. కోతి చేత రెండు దెబ్బలు కొట్టించి, దాన్నొదిలి బయటికి పోయాడు. సాయంత్రం నేనొచ్చి మళ్ళీ వరసలు పేర్చాను. మర్నాడు "ఏనుగు" అన్నాడు. ఆ మర్నాడు అక్కడున్న వాటిలో ఏదీ కాదట, పిడతలోని పచ్చ గోళీ ఒక్కటే కావాలట. ఆ పేర్పు తిరిగి పెట్టడం నాకు తప్ప ఎవరికీ రాదు. నాకేమో ఒక ఓడ తొందర మీద పోతోందని డ్యూటీ మీద డ్యూటీ పడింది.

శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గది మళ్ళీ మొదటి రూపానికి వచ్చేసింది. మిషను తొక్కుడుపలక కింద లక్కపిడత ఇరుక్కుంది. మా ఆవిడ దాన్ని స్క్రూడ్రైవరుతో పెకలిస్తోంది.

"పెట్టి ఎలాగుంది?" అన్నాను, ధైర్యం చేసి.

"పెట్టి సుబ్బరంగా ఉందండి. ఒక్క బొమ్మ కూడా లేదందులో." పిడతని నా చేతిలో పెట్టింది. "రేపు తమ్ముడొత్తాడు. సెప్పేను కదా."

ఒక్క మాట ఇక్కడ నమోదు చెయ్యాలి. నా సర్దుడులో లోపం లేదు. ఆ పెట్టెని అప్పుడే ఓడెక్కించి ఉంటే ఏ దేశమైనా క్షేమంగా చేరేది. దారి పొడుగునా రోజూ ఎవడో ఒకడు కోతిని అడుగుతాడని ఏ ఓడకీ తెలియదు.

ఆ సమయంలో మా అమ్మాయి వెనకగదిలోంచి వచ్చింది. చేతిలో పాత చీర ముక్కలు, ఒక పాత దుప్పటి. నన్ను దాటుకుని నేరుగా తల్లి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఇయ్యి గుండ్రంగా కోసి, అంచు మడిసి కుట్టు. లంగాకి బొందు ఎక్కిత్తావు కదా, అలగ చుట్టూ బొందెక్కించు."

"ఏటికే?"

"ముందు కుట్టు. సెప్తాను."

మిషను మీద జాకెట్టు కంటే ముందు పడ్డది ఆ దుప్పటే. కుట్టు వంకరటింకరగా పోయింది గాని బొందు ఎక్కింది. మా అమ్మాయి ఆ గుండ్రటి గుడ్డని నేల మీద పరిచి, తమ్ముణ్ణి నడిమధ్య కూర్చోబెట్టి, చుట్టూ బొమ్మలు పెట్టింది. వాడు కాసేపు ఆడాక లేవమంది. రెండు చేతుల్తో బొందు లాగింది. గుడ్డ నలువైపులనుంచీ లేచి, బొమ్మలన్నిటినీ తనలోకి తీసుకుని మూట అయిపోయింది. రెప్పపాటు పని. నేల మీద గోళీ కూడా మిగల్లేదు.

సలహా ఇవ్వడం మర్చిపోయాను. ఇది జరగడం అరుదు కాబట్టి మా ఆవిడ మిషను ఆపి మరీ చూసింది.

"ఎవరు సెప్పేరే నీకు?" అన్నాను.

"ఎవరూ సెప్పలేదు. అమ్మమ్మ సంతలో ఇలగే సేత్తాది. గుడ్డ మీద వంకాయలు పోసి అమ్ముతాదా, సినుకు పడిందనుకో, నాలుగు కొసలూ లాగేసి నెత్తినెట్టుకుని వచ్చేత్తాది. పక్కోళ్ళింకా ఏరుకుంటానే ఉంటారు."

మా అత్తగారి సంతకి నేనూ వెళ్ళాను. చాలాసార్లే. ఆవిడ మూట కట్టడం చూశాను, మొయ్యడంలో సాయం కూడా పట్టాను. నాకు వంకాయలే కనిపించాయి.

అక్కణ్ణుంచి మా అమ్మాయి మేస్త్రీ అయింది, నేను కళాసీని. ఏ మూటలో ఏవి వెయ్యాలో చెబుతుంటే అందించడం నా వంతు. వంటసామాను మూటలోకి పిడతలందించాను, గరిటెలందించాను, బడిసంచిలోంచి అదే తీసిచ్చిన ఒంటికన్ను మూసే బొమ్మనందించాను. జీపుని పక్కన పెడుతుంటే దాన్నీ అందులోనే వెయ్యమంది.

"జీపు బండ్లలోకి పోవాలి కదే. అయినా పోలీసోళ్ళకి పిడతల్లో ఏటి పని?"

"జీపు లేకపోతే సంతనుంచి బియ్యం ఎవలు తెత్తారు?"

ఆలోచించాను. నిజమే, ఎవరూ తేరు. ఏ ఆటకి కావలసినవి ఆ ఆట మూటలోనే ఉండాలట. బరువూ తేలికా, చెక్కా రేకూ దాని లెక్కలో లేవు. కోతి డప్పు కొడుతుంది కాబట్టి పెళ్ళిబొమ్మల మూటలోకి పోయింది. ఎలుగుబంటి రైలు మూటలోకి పోయింది, ఆ రైలుకి అదొక్కటే ప్రయాణికుడట. ఓడలో కూడా ఒక ఊళ్ళో దిగే సరుకంతా ఒక్కచోటే సర్దుతాం. ఈ సంగతి దానికి నేనే చెప్పి ఉంటాను. ఎప్పుడు చెప్పానో గుర్తులేదు గాని, నేనే అయ్యుండాలి.

మూటలు తగిలించడానికి గోడకి మేకులు కొట్టమంది. సుత్తి పట్టుకుని దర్జాగా నా చెయ్యి అందే ఎత్తున మొదటి మేకు పెట్టాను.

"అక్కడ నీ చొక్కా తగిలించుకో," అంది. తమ్ముణ్ణి గోడకి ఆనించి నిలబెట్టి చెయ్యెత్తమంది. వాడి వేళ్ళు ఎక్కడ తగిలాయో అక్కడ బొగ్గుతో గీత పెట్టింది. "ఇక్కడ కొట్టు. ఆడే తియ్యాలి, ఆడే ఎట్టాలి."

ఒంగి ఒంగి మేకులన్నీ ఆ గీత మీదే కొట్టాను. మా చిన్నాడికి చదువు రాదు గాని గుడ్డలు తెలుసు. దుప్పటి మూట రైలు, అమ్మ ఎర్రచీర మూట పెళ్ళి, పసుపుచీర మూట వంట. ఇంకో నియమం కూడా పెట్టింది వాళ్ళక్క: ఒక మూట మేకెక్కితేనే ఇంకోటి దిగాలి. ఈ నియమం నేను రోజూ గొంతు చించుకుని చెప్పేదే, ఎవడూ వినలేదు. అది ఒక్కసారి మెల్లగా చెప్పింది, వాడు తలూపాడు. పైగా మూటలో ఉన్నవాటికి దుమ్ము పట్టదు. దండేనికి కూడా సెలవు.

ఆదివారం పొద్దున్నే మా బావమరిది దిగాడు. ఆనపకాయలు వంటింట్లో గుమ్మరించి, ఖాళీ గోనె దులిపి భుజాన వేసుకుని ముందుగదిలోకి వచ్చి చుట్టూ చూశాడు. నేల ఖాళీ. గోడకి వరసగా రంగురంగుల మూటలు.

"బావా, బొమ్మలేవీ? అప్పుడే ఎవలికైనా ఇచ్చీసావేటి?"

"నన్నడక్కు. మేస్త్రీ నాను కాదు," అన్నాను.

మా అమ్మాయి పసుపు మూట దించి, బొందు వదులు చేసి, అతని కాళ్ళ ముందు పరిచింది. పిడతలు, గరిటెలు, జీపు, ఒంటికన్ను మూసే బొమ్మ. అతను గొంతుక్కూర్చుని ఆ గుడ్డ అంచు పట్టుకుని చూశాడు. బొందు వేళ్ళతో తడిమాడు.

"ఇది మా యమ్మ మూట కదే," అన్నాడు చివరికి. వెంటనే సంత మనిషి అయిపోయాడు. "సరే, వానొచ్చీసింది. కట్టు సూద్దాం."

మా అమ్మాయి కదల్లేదు. తమ్ముడికి కళ్ళతో సైగ చేసింది. మా చిన్నాడు వచ్చి, బొందు పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. మూట బిగిసింది. ఈడ్చుకుంటూ గోడ దాకా తీసుకెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, మేక్కి తగిలించాడు. ఆ కుదుపుకి పక్కనున్న ఎర్రమూటలో కోతి తనంతట తను డప్పు అందుకుంది. మా బావమరిది ఉలిక్కిపడి గోడకి ఆనుకున్నాడు.

"అయితే ఇయ్యేయీ నాకివ్వరన్నమాట," అన్నాడు. మాట సరదాగానే ఉంది గాని చూపు గోనె మీద ఉంది. పిల్లలకి చెప్పి వచ్చి ఉంటాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను కప్పు వైపు చూశాను.

జవాబు మా అమ్మాయే చెప్పింది. "బొమ్మలివ్వను మావా. మీ ఇంట్లో లేవేటి? నాను సూసేను. తాటికాయల బండి ఎడ్లపాకలో పడుంది. మట్టెడ్లు గడ్డికుప్ప కింద. బొంగరాలు బావి కాడ. ఆళ్ళకి బొమ్మల్లేక కాదు, కనపడక."

లోపలికి వెళ్ళి, ముందురోజు కుట్టించిన వాటిలో ఏమీ వెయ్యకుండా విడిగా మడిచి ఉంచిన గుడ్డ ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది తీసుకెల్లు. మేకు కిందికి కొట్టు. నీ ఎత్తున కొట్టీకు."

మా బావమరిది దాన్ని విప్పి చూసి, మళ్ళీ మడిచి, గోనెలో వేసి, గోనె మూతి కట్టేశాడు. అంత పెద్ద గోనెలో అంత చిన్న గుడ్డ. అయినా ఉట్టి సంచి కాదు కదా. "ఏటి బావా, దీనికి పోర్టులో ఉజ్జోగం ఇప్పించీ," అన్నాడు.

"అది ఉజ్జోగం ఇచ్చేది గాని, సేసేది కాదు," అన్నాను.

పెట్టె సంగతి అడుగుతారని నాకు తెలుసు. పారెయ్యలేదు. మూత మీద పరుపు వేసుకుని ఆదివారాలు మధ్యాహ్నం పడుకునేవాణ్ణి. తుఫాను వచ్చినా కదలదని నేను స్వయంగా పరీక్షించిన మంచం.

సోమవారం సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి వంటింటి దాకా దారి ఖాళీగా ఉంది. అలవాటు తప్పక రెండుసార్లు దేన్నో దాటబోయి గాలిలో కాలెత్తాను. మా అమ్మాయి గుమ్మంలో కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఇప్పుడా బడిసంచిలో పుస్తకాలు తప్ప ఏమీ లేవు. మా ఆవిడ దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు పాత చీరలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళలో పక్కింటాయన భార్య ఉంది. ఆయనకి ఇద్దరు పిల్లలు, ఇల్లు మా ముందుగది కంటే ఘోరం. ఊరికే నా పెట్టెని ఊపి నడుం నొప్పి తెచ్చుకున్నాడు పాపం.

వాళ్ళలో ఒకావిడ నన్ను చూసి పక్కకి తప్పుకుని, తోడొచ్చినావిడతో చెప్పింది. "ఈయనే. ఆ మూటలు కనిపెట్టిన పాప వాళ్ళ నాన్న."

పోర్టులో నాకు మేస్త్రీ పదవి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ పదవి రావడానికి శని, ఆదివారాలు చాలాయి. జేబులో చేతులు పెట్టుకుని, ఛాతీ కొంచెం ముందుకు పెట్టి, వాళ్ళ మధ్యలోంచి మెల్లగా లోపలికి నడిచాను. క్యారేజీ గుమ్మం దగ్గరే మర్చిపోయినట్టు నటించి మళ్ళీ బయటికి వచ్చాను, ఆవిడ ఇంకోసారి చెబుతుందేమోనని.